గుట్ట దిగే విద్య: మొరం దారులపై సందేహాలు – సమాధానాలు

హుజూరాబాద్ చుట్టుపక్కల బండి నేర్చుకున్నవాళ్లకు ఒక లోటు ఉంటుంది. ఇక్కడ గుట్టలున్నాయి గానీ గుట్ట దారులు లేవు. మొలంగూరు ఖిల్లా అయినా, కొత్తగట్టు అయినా మైదానంలో ఒంటిగా లేచి నిలబడ్డవే. రోడ్డు వాటి పక్క నుంచి పోతుంది. గోదావరి దాటి ఉట్నూరు, ఆసిఫాబాద్, నిర్మల్ వైపు పోతే సంగతి వేరు. అక్కడ గుట్టలు వరుసలుగా అడ్డం నిలుస్తాయి, రోడ్డు వాటిని ఎక్కి దిగక తప్పదు. తారు ఉన్నంతవరకు ఏదోలా నెట్టుకొస్తాం. గూడెం వైపు తిరిగి మొరం మీద చక్రం పడ్డాక మాత్రం మైదానంలో చేతులకూ కాళ్లకూ పడిన అలవాట్లే మనల్ని ప్రమాదంలోకి తీసుకుపోతాయి. వానలు వెనకపట్టు పట్టగానే అటు బయలుదేరాలని చూస్తున్న పాఠకుల నుంచి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే తీరువి కలిపి జవాబులు రాస్తున్నాను.

*

దసరా సెలవుల్లో పిల్లల్ని తీసుకుని జోడేఘాట్ చూసి రావాలని ఉంది. మాది చిన్న కారు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే తప్ప అటు పోవద్దని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. నిజమేనా? ఏ దారిన పోతే బాగుంటుంది?
– ఒక ఉపాధ్యాయుడు, హుజూరాబాద్

నిజం కాదు. మీ చిన్న కారు చాలు. ముందు దారి చెబుతాను. కరీంనగర్, చొప్పదండి, ధర్మారం మీదుగా వెళ్లి రాయపట్నం వంతెన దగ్గర గోదావరి దాటండి. లక్షెట్టిపేట నుంచి దండేపల్లి, జన్నారం, ఉట్నూరు. ఉట్నూరు నుంచి జైనూరు, కెరమెరి మీదుగా ఆసిఫాబాద్ పోయే రోడ్డులోనే కెరమెరి ఘాట్ వస్తుంది. వానాకాలం పోయిన కొత్తలో ఆ ఘాట్ పైనుంచి కనిపించే పచ్చదనం కోసమే పనిగట్టుకుని పోయేవాళ్లున్నారు. ఘాట్ తారు రోడ్డే, మలుపులు మాత్రం గట్టివి. హట్టి దగ్గర జోడేఘాట్‌కు దారి చీలుతుంది. తిరుగు ప్రయాణానికి ఆసిఫాబాద్, మంచిర్యాల, పెద్దపల్లి మీదుగా రావచ్చు.

1940లో కుమ్రం భీం నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగిన చోటు జోడేఘాట్. పిల్లలకు ఆ కథ బడిలో మీరే చెప్పి ఉంటారు కాబట్టి తప్పకుండా చూపించండి. ఒక్క మాట: ఆశ్వయుజ పౌర్ణమి నాడు అక్కడ వర్ధంతి జరుగుతుంది. వేలమంది వస్తారు, వాహనాలు బారులు తీరతాయి. ఘాట్ కొత్తగా నడిపేవాళ్లు ఆ ఒక్క రోజు వదిలేసి, అటో ఇటో వెళ్లడం మేలు.

ఇక మొరం దారులు. ఇవి పెద్ద రోడ్డు నుంచి లోపలి గూడేలకు, లింగాపూర్ మండలంలోని పిట్టగూడ సప్తగుండాల వంటి జలపాతాలకు చీలే చోట మొదలవుతాయి. ఫోర్ వీల్ డ్రైవ్ గురించి చాలామందికి ఒక భ్రమ ఉంది. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందడం ఎక్కడానికి సాయం చేస్తుంది, బురదలోంచి బయటపడటానికి సాయం చేస్తుంది. ఆపడానికి మాత్రం కాదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకే ఉంటాయి, ఆ నాలుగు టైర్లూ నేలను పట్టుకున్నంతవరకే ఏ కారైనా ఆగుతుంది. బరువు ఎక్కువైనంత మాత్రాన పెద్ద బండి వదులు కంకర మీద ముందుగా ఆగదు. ఎక్కేటప్పుడు దొరికిన ధైర్యంతో దిగేటప్పుడు దెబ్బతిన్న పెద్ద బండ్లు ఎన్నో.

చిన్న కారుకు అసలు చిక్కు కింది భాగం రాయికి తగలడం. ఖాళీ కారుకూ, నలుగురు ఎక్కి డిక్కీ నిండిన కారుకూ నేల నుంచి ఎత్తులో స్పష్టమైన తేడా ఉంటుంది. ట్రాక్టర్లు తొక్కి చేసిన లోతైన గాళ్లలో చక్రాలు దించకండి. ఒక చక్రం నడిమి గడ్డమీద, ఇంకోటి అంచు గడ్డమీద పెట్టి నడపండి. రాయి కనిపిస్తే దాన్ని రెండు చక్రాల మధ్యకు తీసుకోవడం కన్నా టైరు కిందికి తీసుకుని మెల్లగా దాటడం మంచిది. టైరు ఓర్చుకుంటుంది, ఇంజిన్ ఆయిల్ చాంబరు ఓర్చుకోదు.

టైర్ల మీద గాడి లోతు చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్లుంటే చాలు. మొరం గుట్టలకు అది చాలదు, దానికి రెట్టింపైనా ఉంటే తప్ప బయలుదేరకండి. స్టెప్నీలో గాలి చూసుకోండి. ఏడాదిగా ఎవరూ చూడని టైరు అదే. పెట్రోలు ఉట్నూరులోనో ఆసిఫాబాద్‌లోనో నింపుకోండి. జన్నారం దగ్గర మీరు పోయేది 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ అడవిలోంచి. అటవీ శాఖ చెక్‌పోస్టులుంటాయి, రాత్రి ప్రయాణాలకు ఆంక్షలుంటాయి. చీకటి పడకముందే అడవి దాటేలా పొద్దున్నే బయలుదేరండి.

*

మొన్న కుటుంబంతో నిర్మల్ దాటి కుంటాల జలపాతం చూసి, పాత రోడ్డులో మహబూబ్ ఘాట్ మీదుగా తిరిగి వస్తుంటే బ్రేకుల దగ్గర కాలిన వాసన వచ్చింది. పెడల్ కూడా మెత్తగా లోపలికి పోయింది. భయమేసి పక్కకు ఆపాను. కాసేపటికి అంతా మామూలైంది. మా బావగారు మాత్రం, గుట్ట దిగేటప్పుడు గేరు తీసి న్యూట్రల్‌లో వదిలితే పెట్రోలు మిగులుతుంది, నువ్వు అనవసరంగా భయపడ్డావు అంటారు. ఎవరి మాట సరి?
– పత్తి వ్యాపారి, జమ్మికుంట

మీ భయమే సరి. మీ ఉత్తరం చదివి నాకూ గుండె ఝల్లుమంది, ఎందుకంటే ఆ మెత్తబడిన పెడల్ బ్రేకులు పూర్తిగా పోవడానికి ఒక్క మెట్టు ముందు వచ్చే హెచ్చరిక. మీరు ఆపబట్టి ఇవాళ ఉత్తరం రాయగలిగారు. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి.

మనుషులతో కలిపి పదిహేను వందల కిలోల కారు ఎత్తులో మూడు వందల మీటర్లు దిగిందనుకుందాం. ఆ ఎత్తులో ఉన్న శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. మొత్తం బ్రేకులే మింగితే పుట్టే వేడి దాదాపు పదమూడు లీటర్ల చల్లటి నీళ్లను మరిగించేంత. అరచేతులంత బ్రేకు ప్యాడ్‌లూ, నాలుగు చక్రాల దగ్గరి ఇనుమూ అంత వేడిని కొద్ది నిమిషాల్లో మోయాలి. ప్యాడ్ ఒక హద్దు దాటి వేడెక్కితే పట్టు తగ్గిపోతుంది. వాసన దానిదే.

పెడల్ మెత్తబడటం ఇంకో సంగతి. అది బ్రేకు ఆయిల్ మరగడం. కొత్త డాట్-3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. అయితే ఈ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. తడి పట్టిన అదే ఆయిల్ 140 డిగ్రీలకే మరగొచ్చు. డాట్-4 అయితే కొత్తది 230, తడి పట్టాక 155. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడతాయి. మీ కాలి నొక్కుడు ఆ బుడగలను నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. చల్లారాక బుడగలు మాయమై పెడల్ మామూలుగా కనిపిస్తుంది. 'అంతా మామూలైంది' అని మీరనుకున్నది అదే. కారును వెంటనే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి బ్రేకు ఆయిల్ పూర్తిగా మార్పించండి. రెండేళ్లకోసారి మార్చాల్సిన ఆయిల్ అది. ఇంజిన్ ఆయిల్ విషయంలో చూపే శ్రద్ధలో సగం కూడా మనం దాని మీద చూపం.

మీ బావగారి మాట పాత కార్బురేటర్ బండ్ల నాటిది. ఇప్పటి కార్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే, దిగుడులో చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, కంప్యూటర్ ఇంధనం పోయడం ఆపేస్తుంది. న్యూట్రల్ చేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి మళ్లీ పెట్రోలు పోయాల్సి వస్తుంది. అంటే న్యూట్రల్‌లో ఖర్చు ఎక్కువ, అదుపు తక్కువ. ఇంకా కొందరు తాళం చెవి కూడా తిప్పేస్తారు. దాంతో బ్రేకుకు ఇంజిన్ ఇచ్చే సాయం పోతుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది, తాళం తీసేస్తే లాక్ కూడా పడొచ్చు. మీ బావగారికి ఈ పేజీ చూపించండి. పెద్దవారు కాబట్టి మీరు చెబితే నొచ్చుకోవచ్చు, నేను చెప్పానని చెప్పండి.

మరి దిగాల్సింది ఎలా? ఏ గేరులో ఎక్కాల్సి వచ్చేదో ఆ గేరులోనే, లేదా ఇంకొకటి తగ్గించి దిగండి. గేరు దిగుడు మొదలు కాకముందే వేయాలి, వేగం పుంజుకున్నాక కాదు. ఇంజిన్ కాస్త గట్టిగా అరుస్తుంది, అరవనివ్వండి, దానికేం కాదు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకండి. వేగం పెరిగినప్పుడు ఒకసారి గట్టిగా నొక్కి తగ్గించి, కాలు పూర్తిగా తీసేయండి. ఆ విరామంలోనే బ్రేకు చల్లారేది. ఆటోమేటిక్ కారైతే ఎల్, 2 లేదా మాన్యువల్ స్థానంలో పెట్టుకోండి. బ్యాటరీ కారులో దిగేటప్పుడు చార్జింగ్ తిరిగొస్తూ బండి ఆగుతుంది. కానీ గుట్ట మీదే బ్యాటరీ నిండుగా ఉంటే ఆ పట్టు తగ్గిపోతుంది. పైన నూటికి నూరు చార్జింగ్ చేసుకుని దిగకండి.

తిరుమల వెళ్లినవాళ్లకు ఒక నియమం గుర్తుండాలి. మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. ఒకటి దిగడానికి, ఒకటి ఎక్కడానికి. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు తీసుకోవాలన్నది అక్కడి కట్టుబాటు. దిగే బండికే ఎక్కువ సమయం. ఎన్నో ప్రమాదాలు చూశాకే అలా పెట్టారు. గుట్ట ఎక్కడం ఇంజిన్ పని, దిగడం డ్రైవర్ పని.

ఎప్పుడైనా మళ్లీ పెడల్ మెత్తబడితే: దాన్ని గబగబా పలుమార్లు నొక్కండి, కాస్త ఒత్తిడి పుడుతుంది. గేరు ఒక్కొక్కటిగా తగ్గించండి. హ్యాండ్ బ్రేకును ఒక్కసారిగా లాగకుండా కొంచెం కొంచెంగా లాగండి. అప్పటికీ ఆగకపోతే లోయ వైపు కాకుండా గుట్ట వైపు కాలువలోకి చక్రాలు దించండి. కారు పాడవుతుంది, మనిషి మిగులుతాడు. ఆగాక కాలుతున్న చక్రాల మీద నీళ్లు పోయకండి, ఇనుము వంకరపోతుంది. బండిని గేరులో ఉంచి చక్రానికి రాయి పెట్టండి. కదిలేటప్పుడు ఆ రాయిని తప్పకుండా పక్కకు తీసేయండి. ఎవరో వదిలేసిన అలాంటి రాళ్లే రాత్రిపూట బైకు మీద వచ్చేవాడి ప్రాణం తీస్తాయి.

*

నాది 150 సీసీ బైకు. వచ్చే ఏడాది దోస్తులతో స్పితి లోయకు పోవాలని ఉంది. దానికి ముందు ఆదిలాబాద్ గుట్టల్లో అలవాటు చేసుకుంటే ఉపయోగముంటుందా? కంకర మీద బైకు జారుతుందని భయం.
– డిగ్రీ విద్యార్థి, హుజూరాబాద్

ఉపయోగముంటుంది. స్పితి దారిలోని కుంజుమ్ కనుమ సుమారు 4,550 మీటర్ల ఎత్తున ఉంది. ఆ చలి, ఆ పలచటి గాలి మన దగ్గర దొరకవు. కానీ వదులు రాయి ఎక్కడైనా వదులు రాయే. ఇక్కడ నేర్చుకున్న చేయి అక్కడ పనికొస్తుంది.

పొడి తారు మీద 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టుకున్నాక సుమారు తొమ్మిది మీటర్లలో ఆగే బండి, వదులు కంకర మీద పద్దెనిమిది మీటర్లు తీసుకోవచ్చు. అదే కంకర పది శాతం వాలులో దిగుతుంటే పాతిక మీటర్ల దాకా పోవచ్చు. ఇది బ్రేకు పట్టాక లెక్క. చూసి, అనుకుని, చేయి కదిలేలోపు పోయే పదిహేను మీటర్లు దీనికి అదనం. వేగాన్ని 20కి తగ్గిస్తే ఆ పాతిక మీటర్లు ఆరేడుకు వస్తాయి. సగం వేగానికి పావు దూరం. ఏ ఖరీదైన బూట్లూ, జాకెట్టూ ఇవ్వలేని రక్షణ ఇది.

మలుపులో ముందు బ్రేకు అస్సలు పట్టకు. వేగమంతా మలుపుకు ముందే, బండి నిటారుగా ఉండగానే తగ్గించు. అలా తగ్గించేటప్పుడు వెనక బ్రేకు ఎక్కువగా, ముందుది రెండు వేళ్లతో మెత్తగా. మలుపులో థ్రాటిల్ ఒకే తీరుగా ఉంచు. ఏబీఎస్ ఉంది కదా అని నమ్ముకోకు: తారు మీద అది ప్రాణదాత, వదులు కంకర మీద మాత్రం ఆగే దూరాన్ని పెంచుతుంది. ఎందుకంటే కదలకుండా బిగిసిన చక్రం తన ముందు కంకరను కుప్పపోసుకుని ఆగుతుంది, ఏబీఎస్ చక్రాన్ని బిగుసుకోనివ్వదు. హ్యాండిల్‌ను గట్టిగా పట్టి దాంతో పోరాడకు. మోకాళ్లతో ట్యాంకును నొక్కి పట్టి, చేతులు వదులుగా ఉంచు. ముందు చక్రం కాస్త అటూ ఇటూ ఊగుతూనే పోతుంది, అది దాని స్వభావం. గతుకుల్లో ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడు. చూపు చక్రం ముందరి రాయి మీద కాకుండా నువ్వు పోవాల్సిన చోట పెట్టు. లోయను చూస్తూ నడిపినవాడి బండి లోయవైపే లాగుతుంది.

మొదటిసారి వెనక ఎవరినీ ఎక్కించుకోకుండా, కానీ ఒంటరిగా కూడా కాకుండా, ఇంకో బైకు తోడుగా వెళ్లు. గూడేల దగ్గర చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. ఏ దారిన పోతున్నావో అమ్మకో నాన్నకో చెప్పి పో.

*

కారు ఈ మధ్యే నేర్చుకున్నాను. ఘాట్‌లో ఎదురుగా బండి వస్తే ఎవరు ఆగాలి? ఎక్కేటప్పుడు ఆగితే మళ్లీ కదిలేలోపు వెనక్కి జారిపోతుందేమోనని భయం. పక్కన కూర్చున్న మా ఆయన "బ్రేకు, బ్రేకు" అంటుంటే కాళ్లు వణుకుతాయి.
– గృహిణి, వీణవంక

అమ్మా, మొదటి ప్రశ్నకు జవాబు మన దేశ రోడ్డు నిబంధనల్లోనే ఉంది. ఇద్దరూ ఒకేసారి పట్టని ఇరుకు ఘాట్ దారిలో దిగే బండి పక్కకు ఆగి ఎక్కే బండికి దారి ఇవ్వాలి. ఎక్కే బండి ఊపు పోతే మళ్లీ అందుకోవడం కష్టం కాబట్టి. అందరూ పాటించరు. మీరు పాటించండి, ఎదుటివాడు పాటించకపోతే పంతానికి పోకండి. అంచువైపు ఆగాల్సి వస్తే మొరం రోడ్ల అంచు వానకు కోసుకుపోయి లోపల డొల్లగా ఉంటుందని గుర్తుంచుకోండి. గడ్డి మొలిచి గట్టిగా కనిపించే అంచు కూడా కారు బరువుకు కుంగొచ్చు. అంచుకు ఒక మీటరు దూరం ఉంచి, అవసరమైతే ఎవరినైనా దిగి చూడమనండి.

వెనక్కి జారే భయానికి మందు హ్యాండ్ బ్రేకు. హ్యాండ్ బ్రేకు లాగి ఉంచండి, మొదటి గేరు వేయండి, కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్చు మెల్లగా వదలండి. కారు ముక్కు కాస్త లేచినట్టు అనిపించినప్పుడు హ్యాండ్ బ్రేకు దించండి. కాకతీయ కాలువ గట్టు ఎక్కే ర్యాంపుల్లాంటి ఏటవాలు చోటు, జనం లేని పొద్దున పూట చూసుకుని ఇది సాధన చేయండి. మొరం మీద కదిలేటప్పుడు యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కితే చక్రం అక్కడే తిరిగి గుంత తవ్వుతుంది. అలా అయితే ఇంకా తొక్కకుండా, రెండు అడుగులు వెనక్కి జరిగి వేరే జాడలో ఎక్కండి.

మీ వారితో బయలుదేరేముందే మాట్లాడండి. పక్కవారి పని ముందున్న మలుపు చూసి నెమ్మదిగా చెప్పడం, అంచు చూడడం, ఫోన్ ఎత్తడం. అరిస్తే నడిపేవారు ఉలిక్కిపడి బ్రేకు గట్టిగా తొక్కుతారు, కంకర మీద అదే అసలు ప్రమాదం. ఆయన ఈ జవాబు చదువుతున్నట్టయితే, ఇది ఆయనకు నా మనవి. మీరు భయం అంటున్నది నిజానికి జాగ్రత్త. అది ఉన్నవాళ్లే ఘాట్ బాగా నడుపుతారు.

*

అన్నా, నాది ట్రాలీ ఆటో. కేస్లాపూర్ నాగోబా జాతరకు మా వాడకట్టోళ్లు ఇరవై మంది నా బండిల పోదామంటున్రు. మెల్లగ పోతే ఏం గాదంటున్రు. వద్దంటే మనసుల పెట్టుకుంటరు. ఏం జేయాలె?
– ఒక డ్రైవర్, సైదాపూర్

వద్దను తమ్ముడూ. మనసులో పెట్టుకున్నా సరే, వద్దను.

2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో వందకు పైగా జనంతో కిక్కిరిసిన బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. మన జిల్లాల్లో ఆ రోజు ఏడవని ఊరు లేదు. పొలం పనికి, ఆసుపత్రికి, అంజన్న దర్శనానికి బయలుదేరిన సామాన్యులు వాళ్లు. అది చిన్న ఘాట్. లోతైన హిమాలయ లోయ కాదు.

నీ బండి సామాను కోసం చేసింది. బరువు రెట్టింపైతే దిగుడులో బ్రేకు మోయాల్సిన వేడీ రెట్టింపవుతుంది. బస్తాలు ఒకచోట కదలకుండా ఉంటాయి, మనుషులు మలుపులో ఒక పక్కకు ఒరుగుతారు, నిలబడితే బరువు పైకెక్కి బండి పల్టీ కొట్టడం సులువవుతుంది. సామాన్ల బండిలో మనుషుల్ని ఎక్కించడం చట్టానికి విరుద్ధం. ఏదైనా జరిగితే బీమా కూడా తోడు రాదు, నీ ఇల్లు, బండి రెండూ పోతాయి. జాతరకు పుష్య అమావాస్య సమయంలో బస్సులు నడుస్తాయి. ఇరవై మందీ కలిస్తే తలా కొంత వేసుకుని ఒక మినీ బస్సు మాట్లాడుకోవచ్చు. ఆ లెక్క కట్టి వాళ్లకు నువ్వే చూపించు.

*

మా అబ్బాయి అమెరికాలో డెన్వర్‌లో ఉంటాడు. వచ్చే వేసవిలో మేం వెళ్లినప్పుడు బోరియాస్ పాస్ అనే మట్టి కొండ దారిలో కారులో తీసుకెళ్తానంటున్నాడు. నాకు అరవై ఆరేళ్లు, బీపీ ఉంది. ప్రమాదమా?
– విశ్రాంత ఉద్యోగి, హుజూరాబాద్

దారి పరంగా మీ అబ్బాయి మంచిదే ఎంచుకున్నాడు. బ్రెకెన్‌రిడ్జ్ నుంచి కోమో అనే చిన్న ఊరికి పోయే ఆ దారి మీద ఒకప్పుడు సన్న పట్టాల రైలు నడిచేది. పట్టాలు తీసేశాక అదే రోడ్డయింది. రైలు నిటారు వాలు ఎక్కలేదు కాబట్టి ఆ దారి వాలు మెత్తగా ఉంటుంది. ఎండాకాలంలో మంచు కరిగాకే తెరుస్తారు.

ఆలోచించాల్సింది ఎత్తు గురించి. కనుమ 11,481 అడుగులు, అంటే దాదాపు 3,500 మీటర్లు. మన కరీంనగర్ సముద్ర మట్టానికి మూడు వందల మీటర్లు కూడా లేదు. అంత ఎత్తున తలనొప్పి, ఆయాసం, నిద్ర పట్టకపోవడం మామూలు. డెన్వరే 5,280 అడుగుల మీద ఉంది కాబట్టి అక్కడ కొన్ని రోజులు కుదురుకున్నాక వెళ్లండి. బయలుదేరేముందు ఇక్కడి మీ డాక్టరుకు ఎత్తు సంగతి చెప్పి సలహా తీసుకోండి. పైన ఎక్కువసేపు ఉండకుండా దిగిపోండి. తలనొప్పి పెరిగితే ఆ క్షణమే దిగడం మందు. టర్బో లేని ఇంజిన్‌కూ ఆయాసమే: వెయ్యి మీటర్లకు సుమారు పది శాతం బలం తగ్గుతుంది. అబ్బాయి అద్దె కారు తీసుకుంటే మట్టి రోడ్ల మీద నడపకూడదన్న షరతు ఒప్పందంలో ఉందేమో చదవమనండి. చాలా కంపెనీల ఒప్పందాల్లో ఉంటుంది, అప్పుడు బీమా వర్తించదు.

*

లోలెవల్ వంతెన మీద వాగు పారుతుంటే ఎంత లోతు దాకా కారు దాటించవచ్చు?
– ఒక పాఠకుడు, శంకరపట్నం

పారే నీటిలో దాటించకండి. అడుగు లోతు నీళ్లు చాలా కార్లను తేలుస్తాయి, రెండు అడుగుల పారే నీళ్లు దాదాపు ఏ కారునైనా ఈడ్చుకుపోతాయి. పైన గుట్టల్లో పడిన వాన మీరున్న చోట ఎండ కాస్తున్నప్పుడు కూడా వాగై వస్తుంది. గంటో రెండు గంటలో ఆగితే తగ్గుతుంది, లేదంటే వెనక్కి తిరగండి. నల్లరేగడి దారి తడిగా ఉన్నప్పుడు కూడా ఇదే జవాబు.

ఘాట్‌లో పిల్లలు వాంతులు చేసుకుంటారు. ఏదైనా ఉపాయం?
– ఒక తల్లి, జమ్మికుంట

ఫోన్ చేతికి ఇవ్వకండి. దూరంగా గుట్టల వైపు చూడమనండి, అద్దం దించండి, బయలుదేరే ముందు నూనె తిండి వద్దు. మాత్రల సంగతి డాక్టరునే అడగండి. అన్నిటికన్నా ముందు, మలుపుల్లో వేగం తగ్గించండి. బండిలో అందరికీ వాంతులవుతుంటే నడిపే తీరు మార్చుకోవాలని అర్థం.

*

మేం జైనూరు వైపు ఉంటాం. మీ పాఠకులు చాలామంది మా గూడేల మీదుగా జలపాతాలకు వస్తారు. రావొద్దని కాదు. కానీ పత్తి ఏరే కాలంలో కార్లు జోరుగా పోతుంటే దుమ్మంతా విచ్చిన పత్తి మీద పడుతుంది. రోడ్డు కూడా అలలు అలలుగా అయిపోతుంది, మా బైకులు నడవవు. దీనికి మీరేం చెబుతారు?
– ఒక పత్తి రైతు, జైనూరు మండలం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది ఇదే. పైన ఇన్ని జవాబులూ మన బండి, మన ప్రాణం, మన పిల్లల గురించి. దారి ఎవరి చేల మధ్యగా పోతోందో వారి గురించి మీరు గుర్తు చేశారు.

రోడ్డు అలలుగా అవడం మీ కంటి భ్రమ కాదు. చక్రం కాస్త ఎగిరి దిగిన చోట కంకర జరుగుతుంది, తర్వాతి చక్రం అక్కడే ఎగురుతుంది, అల పెరుగుతుంది. 2007లో భౌతిక శాస్త్రవేత్తలు ఇసుక పరిచిన పళ్లెం మీద చిన్న చక్రాన్ని తిప్పి చూస్తే, ఒక వేగం దాటగానే అలలు వాటంతటవే పుట్టాయి. ఆ వేగం లోపల పుట్టలేదు. అంటే రోడ్డును ఇలా చేసేది ముఖ్యంగా వేగమే. పైగా ఆ అలల మీద చక్రం సగం సేపు గాలిలో ఉంటుంది, అప్పుడు బ్రేకూ పట్టదు, స్టీరింగూ వినదు. వచ్చినవాళ్లు ఒక పూటలో వెళ్లిపోతారు, మిగతా ఏడాదంతా ఆ రోడ్డు మీద తిరిగేది మీరే. దుమ్ము పట్టిన పత్తికి మార్కెట్‌లో ధర తగ్గుతుందని జమ్మికుంట వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఈ పేజీ చదివి అటు బయలుదేరే ప్రతి ఒక్కరినీ కోరుతున్నాను. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పత్తి చేల పక్కన మొరం మీద 20 కిలోమీటర్లు దాటకండి. చేలో మనుషులు కనిపిస్తే ఇంకా తగ్గించండి. ముందు బండి లేపిన దుమ్ములోకి దూరకండి, అది తేలేదాకా ఆగండి. ఎడ్లబండి, మేకల మంద, బడి పిల్లలు ఎదురైతే హారన్ కొట్టకుండా బండి ఆపి దారి ఇవ్వండి. కోసుకుపోయిన అంచు, కూలిన పిట్టగోడ, తెగిన కల్వర్టు కనిపిస్తే ఊరి పేరు, దగ్గరి కిలోమీటరు రాయి అంకె రాసుకుని, ఫొటోతో సహా రోడ్లు భవనాల శాఖకో పంచాయతీరాజ్ ఇంజినీర్లకో పంపండి. గూడెం వాళ్లు ఒక్కరే అడిగితే కదలని అర్జీ, పది ఊళ్ల నుంచి వస్తే కదలొచ్చు. అలా పంపినవాళ్లు దాని నకలు మాకూ పంపండి, ఈ శీర్షికలోనే వేస్తాం.